మెక్సికో నగరమునందలి జపానీయుల విద్యాలయము

ఈ సంచికలో మనవారి ఊళ్ల చరిత్రను, వలసల చరిత్రను, గుడుల చరిత్రను, బడుల చరిత్రను పెద్దలనేకులు వ్రాయుచున్నారు. వారి వ్యాసముల నడుమ మెక్సికో దేశమునందలి ఒక జపాను బడిని గూర్చి వ్రాయబూనుట చదువరులకు వింతగా తోచవచ్చును. నేను తమిళనాట కృష్ణగిరి జిల్లాలో ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలయందు రెండు దశాబ్దములుగా తెలుగు చెప్పుచున్నవాడను. మెక్సికో నగరమును నేను చూచినది లేదు. అయినను ఆ బడి చరిత్రను చదివినప్పుడెల్ల నా తరగతి గది గోడలే నా కన్నుల ముందు నిలిచినవి. అందుచేత ఈ సాహసము.

నన్ను చిరకాలముగా వేధించు ప్రశ్న యొకటి కలదు. స్వభాష రాజ్యభాష కాని చోట ఆ భాష మూడవ తరము వారికి చేరవలెనన్నచో ఇంటి మమకారము చాలునా? చాలదన్నచో ఎట్టి బడి కావలెను? సాయంకాలపు బడియా, ఆదివారపు బడియా, లేక ప్రభుత్వము గుర్తించు పగటి బడియా? మెక్సికోలోని జపానీయులు ఈ మూడు విధములను నూరేండ్లలో వరుసగా పరీక్షించి చూచిరి. వారికి లభించిన ఫలితము పూర్తిగా తీపియు కాదు, పూర్తిగా చేదును కాదు.

1888 నవంబరు 30వ తేదీన వాషింగ్టన్ నగరమున మెక్సికో ప్రతినిధి మతియాస్ రొమేరో, జపాను ప్రతినిధి ముత్సు మునెమిత్సు ఒక సంధిపత్రముపై చేవ్రాలు చేసిరి. అంతకు మునుపు ఐరోపా రాజ్యములతోను, అమెరికాతోను జపాను చేసికొన్న సంధులు అసమానమైనవి. ఆ దేశీయులు జపాను గడ్డపై నేరము చేసినను జపాను న్యాయస్థానము విచారింపరాదు. దిగుమతులపై సుంకమును జపాను తన యిచ్ఛ చొప్పున విధింపరాదు. మెక్సికోతో కుదిరినది మాత్రము సరిసమానుల నడుమ సంధి. ఆసియాకు వెలుపలి రాజ్యముతో జపానుకు అట్టి సంధి అదియే మొదటిది. ఈనాటికిని ఉభయ దేశముల వారు సభలలో ఈ సంగతిని మొదట చెప్పుకొందురు.

సంధి వెనుక జనము కదిలినది. జపాను విదేశాంగ మంత్రిగా పని చేసిన ఎనొమొతొ తకెఅకి దేశాంతరమున జపానీయుల పల్లెలు నెలకొల్పవలెనని కలగన్నవాడు. అతని పూనికతో 1897లో సుమారు 35 మంది మెక్సికో దక్షిణపు కొసనున్న చియాపాస్ రాష్ట్రమున దిగిరి. కాఫీ తోటలు వేయవలెనని వారి యూహ. వారు చేరిన కాలము నాట్లకు అదను కాదు, కొన్న నేల కాఫీకి అనువైనది కాదు, జ్వరములు పట్టుకొనెను, స్వదేశము నుండి రావలసిన ధనము అడుగంటెను. కొలది కాలమునకే ఆ పథకము చెదరిపోయెను. ఎనొమొతొ స్వయముగా అక్కడికి పోలేదు. పథకములు వేయువారొకరు, జ్వరపడువారు మరొకరు. వలసల చరిత్ర యంతటను ఇదియే తీరు.

అయితే మిగిలినవారిలో కొందరు చెదరిపోలేదు. ఒక సహకార సంఘముగా కూడి పొలము చేసిరి, అంగళ్లు పెట్టిరి, మందుల దుకాణములు నడిపిరి. స్థానిక స్త్రీలను పెండ్లాడిరి. పిల్లలు పుట్టిరి. 20వ శతాబ్దపు తొలి దశకములోనే తమ పిల్లల కొరకు అరోరా అను పేర ఒక చిన్న బడి పెట్టిరి. అరోరా యనగా ఉషస్సు. స్పానిష్ పదములకు జపాను అర్థములు చెప్పు నిఘంటువు నొకదానిని కూర్చు పనికిని ఆ సంఘమువారే పూనుకొనిరి. కాఫీ తోట పోయినను బడి, నిఘంటువు పుట్టుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచును. కూడు గడిచిన వెంటనే వారు తలచినది అక్షరమును. వారి బడి జపాను బడిగా మాత్రమే ఉండి పిల్లలను ఇరుగుపొరుగు నుండి వేరు చేయలేదు. తల్లులు మెక్సికో వారు కదా! రెండు భాషల బడి అను భావమునకు మొలక అక్కడనే కలదు.

1907 వరకు గనులకును, రైలుమార్గములకును, చెరకు తోటలకును కూలి ఒడంబడికపై వేలకొలది జపానీయులు వచ్చిరి. వారిలో పెక్కుమంది ఉత్తరపు సరిహద్దు దాటి అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోయిరి. ఆ మార్గము మూతపడిన పిదప వచ్చినవారు వేరు తరగతివారు. 1917 నాటి ఒడంబడిక వలన జపాను వైద్యులు, దంతవైద్యులు, మందుల తయారీదారులు, మంత్రసానులు మెక్సికోలో వృత్తి చేసికొను అనుమతి పొందిరి. ముందుగా వచ్చి స్థిరపడినవారు తమ్ములను, మేనల్లుళ్లను పిలిపించుకొనిరి. ఛాయాపటములు పంపుకొని పెండ్లి కుదుర్చుకొన్న వధువులు ఓడలెక్కి వచ్చిరి.

ఈ కాలపు మనిషి నొకని తలచుకొనక ముందుకు సాగలేను. మత్సుమొతొ తత్సుగోరో అను తోటమాలి 19వ శతాబ్దపు చివర మెక్సికో చేరి రాజధానిలో ఉద్యానకారుడుగా పేరొందెను. 1930 ప్రాంతమున అధ్యక్షుడు ఒర్తీస్ రూబియో నగర వీథులలో జపాను చెర్రీ చెట్లు నాటింపదలచెను. చెర్రీ చక్కగా పూయుటకు గట్టి చలికాలము కావలెననియు, ఈ నగరపు చలి దానికి చాలదనియు సలహా వచ్చినది. దానికి బదులు దక్షిణ అమెరికా నుండి తెచ్చిన జకరందా మేలని మత్సుమొతొ చెప్పినట్లు ప్రతీతి. నేడు వసంతమున ఆ నగరమంతయు ఊదా రంగు పూలతో నిండును. బెంగుళూరు వీథులలో మనవారు నిత్యము చూచు జకరందా అదియే. జపాను వాడు, మెక్సికో నగరము, చెట్టు మాత్రము రెండింటిదియు కాదు. తన దేశపు చెట్టే కావలెనని పట్టుపట్టక ఆ నేలకు పట్టు చెట్టును చూపిన ఆ తోటమాలి తెలివి తరువాతి బడి నిర్మాతలకును కొంత అబ్బినదని చెప్పవచ్చును.

ఇక వారి చరిత్రలో అన్నింటికంటె కష్టమైన ఘట్టము. 1941 డిసెంబరు 7న పెరల్ హార్బరుపై దాడి జరిగెను. మరునాడే మెక్సికో జపానుతో రాయబార సంబంధములు తెంచుకొన్నది. 1942 ఆరంభమున సరిహద్దులలోను, సముద్ర తీరములలోను ఉన్న జపానీయులందరు ఇల్లు వాకిలి వదలి మెక్సికో నగరమునకు గాని గ్వాదలహారకు గాని తరలిపోవలెనని ఉత్తరువులు వచ్చినవి. గడువు కొన్ని దినములు మాత్రమే. ప్రయాణపు ఖర్చును పెక్కుమంది తామే భరించిరి. ఎన్సెనాద రేవులో చేపలు పట్టువారు, మెహికాలి పత్తి రైతులు, సొనోరాలోని చిల్లర వర్తకులు దొరికిన ధరకు అమ్మగలిగినది అమ్మి, అమ్మలేనిది పొరుగువారికి అప్పగించి రైలెక్కిరి. మెక్సికో పౌరసత్వము పొందినవారికిని మినహాయింపు దొరకుట అరుదు. మా ఊరి జపానీయుని పంపవద్దు, అతడు మంచివాడు అని పొరుగువారు అధికారులకు అర్జీలు వ్రాసుకొన్న ఊళ్లును ఉన్నవి. అర్జీలు అధికముగా ఫలింపలేదు, అయినను వ్రాయబడినవి. మే నెలలో మెక్సికో యుద్ధములో చేరినది.

రాజధానిలో దిగిన వేలాది నిర్వాసితులకు తల దాచుకొను చోటు ఏది? అచ్చటి జపాను పెద్దలు ఒక పరస్పర సహాయ సంఘముగా ఏర్పడిరి. మత్సుమొతొ కుటుంబము నగరపు దక్షిణ భాగమునందలి ఎల్ బతాన్ అను తమ క్షేత్రమును విడిదిగా ఇచ్చెను. మొరేలోస్ రాష్ట్రమున తెమీస్కో అను పాత చెరకు క్షేత్రమును సంఘమువారు కొని అనేక కుటుంబములకు వరి, కూరగాయల సేద్యము కల్పించిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వలె ముళ్లకంచెల నడుమ తుపాకుల కాపలా ఇక్కడ లేకపోవుట నిజమే. కాని అనుమతి లేక ఊరు దాటరాదు. సేద్యము, వర్తకము, పరువు పోయినవి. దీనిని చెరయని పిలువక నివాస నియమమని పిలిచినంత మాత్రమున బాధ తగ్గునా?

చరిత్రలోని వింత ఇక్కడనే కలదు. అంతవరకు చియాపాస్ అడవి నుండి కాలిఫోర్నియా ద్వీపకల్పము వరకు చెదరియున్న జపానీయులను ఒక్క నగరములోనికి తెచ్చి పోసినది ఆ ఉత్తరువే. చెదరియున్నప్పుడు ఒక్కొక్క ఊరిలో ఇద్దరు ముగ్గురు పిల్లలుండిరి. ఇప్పుడు ఒక్కొక్క పేటలో పదులకొలది పిల్లలు. తల్లిదండ్రులకు పని లేదు; చదువు చెప్పగలవారు చేరువలో నున్నారు. యుద్ధము ముగియకముందే తకూబా, తకుబాయా, కొంత్రేరాస్ మొదలగు పేటలలో జపాను భాషా పాఠశాలలు వెలసెను. శత్రుభాష యని పేరుపడిన దినములలోనే ఆ భాషకు బడులు ఏర్పడుట గమనింపదగినది. ఓడిన దేశమునకు తిరిగి పోవలసి వచ్చునేమో, పిల్లలకు అక్షరము రాకున్న ఎట్లు అను భయము కొందరిది. ఇక్కడనే ఉండిపోయినచో పిల్లలు తమను మరతురేమో అను భయము మరికొందరిది.

యుద్ధము ముగిసిన పిదప అధిక సంఖ్యాకులు పాత ఊళ్లకు మరలిపోలేదు. పోవుటకు అక్కడ మిగిలిన దేమున్నది? 1952లో ఇరు దేశముల నడుమ రాయబార సంబంధములు తిరిగి ఏర్పడెను. పిల్లలు పగలు మెక్సికో బడులలో స్పానిష్ చదువు చదివి, సాయంకాలము గాని వారాంతమున గాని జపాను బడికి పోవుచుండిరి. సాయంకాలపు బడి ఎట్టిదో నాకు తెలియును. అలసిన పిల్లలు, అలసిన గురువు, చీకటి పడక ముందే ఇల్లు చేరవలెనను తొందర. నా తొలి ఉద్యోగము అట్టిదే. ఒక సంవత్సరము మాకు రావలసిన పాఠ్యపుస్తకములు అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన తరువాత వచ్చినవి. అంతవరకు వార్తాపత్రికల శీర్షికలతో వాచకము నడిపితిని. అట్టి బడిలో ఎంత ప్రేమతో చెప్పినను పిల్లవాని మనస్సులో ఆ చదువు రెండవది, లెక్కకు రానిది, పరీక్షల కాలము వచ్చిన మొదట మానివేయదగినది. జపానీయుల సాయంకాలపు బడులకును ఈ గతి తప్పినదని నేననుకొనను.

జపాను లిపి స్వభావము వారి కష్టమును ఇంకను పెంచినది. మన పిల్లవాడు వర్ణమాల, గుణింతము, ఒత్తులు పట్టుపడిన పిదప దేనినైనను కూడబలుకుకొని చదువగలడు. జపాను పిల్లవాడు రెండు అక్షరమాలలు నేర్చిన మీదట చైనా నుండి వచ్చిన కంజి చిత్రాక్షరములు నేర్వవలెను. నేటి జపాను ప్రభుత్వ నిర్ణయము ప్రకారము మొదటి తరగతిలో 80, రెండవ తరగతిలో 160, ఆరు తరగతులు ముగియునప్పటికి మొత్తము 1026. వార్తాపత్రిక చదువవలెనన్న సుమారు రెండు వేలు కావలెను. వారమునకు రెండు మూడు గంటల బడితో ఇది సాగు పని కాదు. భాషాభిమానమునకును గడియారమునకును పోటీ వచ్చినప్పుడు గెలుచునది గడియారమే.

1960ల నాటికి రాజధానికి మరియొక విధమైన జపానీయులు రాసాగిరి. 1966లో నిస్సాన్ కంపెనీ కుఎర్నవాక పట్టణము చెంత మోటారు కార్ల కర్మాగారము తెరచినది. వర్తక సంస్థల ఉద్యోగులు మూడేండ్లకో అయిదేండ్లకో వచ్చి తిరిగి పోవువారు. వారి పిల్లలకు భాష మరచుట యను భయము లేదు. వారి భయము వేరు. స్వదేశమునకు మరలిన పిదప అచ్చటి తరగతిలో వెనుకబడుదురేమో, ఉన్నత పాఠశాల ప్రవేశ పరీక్షలో నెగ్గలేరేమో యని వారి తండ్రుల దిగులు. కావున ఒకే నగరమున రెండు జాతుల జపానీయులుండిరి. ఒకరు మెక్సికో పౌరులు, స్పానిష్ మాతృభాషయైనవారు, తాతల భాష చేజారుచున్నవారు. రెండవవారు జపాను పౌరులు, మెక్సికోను మజిలీగా మాత్రము చూచువారు. ముఖములు ఒక్కటే, అక్కరలు వేరు.

ఈ ఉభయులకు ఒకే ప్రాకారములో బడి కట్టవలెననుట సాహసమైన ఆలోచన. పట్టుదల స్థిరనివాసులది, వారిలో వర్తకుడు కార్లోస్ కసుగ పేరు ఈ సందర్భమున తరచు వినబడును. 1974 సెప్టెంబరులో జపాను ప్రధాని తనక కకుఎయి మెక్సికో వచ్చినప్పుడు అధ్యక్షుడు లుయిస్ ఎచెవెర్రియా. ఆ కాలపు మైత్రి వాతావరణమున ఈ సంకల్పమునకు ఇరు ప్రభుత్వముల అండయు దొరకినది. పేటలలోని చిన్న బడులు కొన్ని తమ ఉనికిని వదలుకొని కొత్త బడిలో కలిసెను. అన్నియు కలియలేదు. ముప్పది యేండ్లు తమ చేతులతో నడిపిన బడిని మూసి తాళముచెవి అప్పగించుట ఎంత కష్టమో బడి నడిపినవారికే తెలియును. ఈ త్యాగమును గూర్చి ఉపన్యాసములలో చెప్పువారు తక్కువ. రాయబారుల కరచాలనముల ఛాయాపటములే అందరికిని జ్ఞాపకముండును.

1977లో నగరపు దక్షిణమున పెద్రెగాల్ ప్రాంతములో బడి తెరువబడెను. పెద్రెగాల్ అనగా రాతి బీడు. సుమారు పదునేడు వందల యేండ్ల క్రిందట షిత్లే అగ్నిపర్వతము నుండి పారిన కరగు రాయి గట్టిపడి ఆ నేల యంతయు నల్లబండ యైనది. శతాబ్దములపాటు పాములకే నెలవైన ఆ బండలపై 1940లలో లుయిస్ బర్రగాన్ అను వాస్తుశిల్పి ఉద్యానగృహముల పేట నిర్మించెను. 1950లలో దేశపు మహావిశ్వవిద్యాలయము అక్కడనే వెలసెను.

బడి పేరులోనే దాని తత్త్వమున్నది. స్పానిష్‌లో దాని పేరు లిసెయో మెహికానో హపొనేస్. మెక్సికో ముందు, జపాను వెనుక. జపాను భాషలో నిహొన్ మెకిషికొ గకుఇన్. జపాను ముందు, మెక్సికో వెనుక. ఎవరి భాషలో వారి దేశమునకు అగ్రతాంబూలము! సంక్షేపముగా నిచిబొకు గకుఇన్ అందురు. నిచి యనగా సూర్యుడు, జపానుకు సంకేతము. మెక్సికో పేరును పూర్వము కంజి అక్షరములలో వ్రాయునప్పుడు మొదట వాడిన అక్షరము బొకు. ఆ అక్షరమునకు అర్థము సిరా. సూర్యుడును సిరాయును కలిసిన బడి! ధ్వని కొరకు తెచ్చుకొన్న అక్షరము యాదృచ్ఛికముగా ఇంత చక్కని అర్థమిచ్చినది. తెలుగు పంతులునగుటచే ఇట్టి వానియందు నాకు చాపల్యము మెండు. చదువరులు మన్నింతురు గాక.

లోపలి యేర్పాటు చూతము. ప్రాకారమొకటి, విభాగములు రెండు. జపాను విభాగమున జపాను విద్యాశాఖ పాఠ్యక్రమము చొప్పున ఆరేండ్ల ప్రాథమిక విద్య, మూడేండ్ల మాధ్యమిక విద్య. మజిలీ కుటుంబముల పిల్లలు ఇచ్చట చదువుదురు. జపాను నుండి పంపబడిన ఉపాధ్యాయులు బోధింతురు. మెక్సికో విభాగమున శిశుతరగతి నుండి విశ్వవిద్యాలయ ద్వారము వరకు మెక్సికో ప్రభుత్వ పాఠ్యక్రమము. ఆ దేశమున విద్యామంత్రిత్వము 1921లో హోసే వస్కొన్సేలోస్ నాయకత్వమున ఏర్పడినది. 1959 నుండి ప్రాథమిక తరగతులకు ఉచిత పాఠ్యపుస్తకములు వచ్చినవి. ప్రైవేటు బడి యైనను ప్రభుత్వపు గుర్తింపు లేనిదే దాని పట్టాకు విలువ లేదు. జపాను భాష ఆ గుర్తింపు గల చదువుతో పాటు పగటి వేళ పట్టికలోనే చోటు చేసికొన్నది. నా దృష్టిలో ఈ బడి సాధించిన విజయములన్నింటికి ఇదియే మూలము. తాతల భాష సాయంకాలము నుండి పగటిలోనికి వచ్చినది.

అదృష్టవశమున ఇరు దేశముల విద్యా సోపానములును ఆరు, మూడు, మూడు సంవత్సరముల మెట్లే. కాని పంచాంగములు కలియవు. జపాను బడి ఏప్రిల్‌లో తెరచును. మెక్సికో బడి వేసవి సెలవుల తరువాత తెరచును. ఒక ప్రాకారములోనే ఒక గదివారికి కొత్త సంవత్సరము, ప్రక్క గదివారికి నడి సంవత్సరము.

ఇంతకంటె లోతైన భేదము మరియొకటి కలదు. జపాను విభాగమున ఆ భాషను నేర్పు పాఠమునకు పేరు కొకుగొ, అనగా దేశభాష. మెక్సికో విభాగమున అదే భాషను నేర్పు పాఠమునకు పేరు నిహొంగొ; అనగా జపాను భాష. మొదటిది తెలిసినవాడు తన భాషలో మరింత లోతుకు పోవుటకు. రెండవది తెలియనివాడు బయటి నుండి లోనికి వచ్చుటకు. మరి తాత మాటలు ముక్కలు ముక్కలుగా చెవిని పడియుండి, అమ్మ స్పానిష్‌లో లాలి పాడిన మనుమడు ఎచ్చట కూర్చుండవలెను? వాడు మొదటి గదిలో వెనుకబడును. రెండవ గదిలో సగము తెలిసినవాడగుటచే విసుగుపడును. వారసత్వ భాష అను అర్థము గల కెయిషోగొ అను పదమును జపాను భాషా పండితులు తరువాతి కాలమున ప్రచారములోనికి తెచ్చిరి. పదము పుట్టినంత మాత్రమున గది పుట్టదు. ఒకే భాష ఒకే బడిలో రెండు పేర్లతో బోధింపబడుటను తలచినప్పుడెల్ల, మొదటి భాష, రెండవ భాష, మూడవ భాష యని మన పట్టికలలో తెలుగు మారు వేషములే నాకు జ్ఞప్తికి వచ్చును. గృహభాషగా తెలుగు గల పిల్లవానికిని, లేని పిల్లవానికిని ఒకే వాచకము తెరచి కూర్చొను ఉపాధ్యాయునకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

ఉచ్చారణమున మాత్రము మెక్సికో పిల్లలకు భాగ్యమున్నది. స్పానిష్‌లో అచ్చులు అయిదు. జపాను భాషలోను అయిదు. ధ్వనులు ఇంచుమించు ఒక్కటే. వాక్య నిర్మాణమున ఆ భాగ్యము లేదు. జపాను వాక్యమున క్రియ చివరకు వచ్చును, విభక్తులు నామమునకు వెనుక చేరును. స్పానిష్ పిల్లవానికి ఇది తలక్రిందులు. మన పిల్లవాడైనచో, వరుస మన తెలుగు వరుసయే గావున, తడబడకుండ సాగిపోవును.

రెండు విభాగములు ఒకే ఆవరణలో నున్నంత మాత్రమున పిల్లలు కలిసిపోయిరా యన్నచో, ఆశించినంతగా కలియలేదనియే పరిశీలకుల మాట. మాటాడు భాష వేరు, ఉండు కాలము వేరు, పోవు దారి వేరు. కలిపిన దినములు మాత్రము కొన్ని కలవు. వానిలో ముఖ్యము ఉందోకయి అను క్రీడోత్సవము. మెయిజీ కాలము నుండి జపాను బడులన్నింట జరుగు పండుగ యిది. పిల్లలు ఎరుపు, తెలుపు పక్షములుగా చీలి పరుగులు, తాడు లాగుట, ఎత్తైన బుట్టలో బంతులు వేయుట మొదలగు ఆటలాడుదురు. గెలుపు ఒక్కొక్కనిది కాదు, పక్షమంతటిది. తల్లులు, తాతలు ఫలాహారములు కట్టుకొని వత్తురు. మెక్సికో బడులలో సోమవారము ఉదయము జాతీయపతాకమునకు వందనము చేయు ఆచారము కలదు. సోమవారము పతాకమునకు చేయెత్తిన పిల్లవాడే ఉందోకయినాడు ఎర్ర టోపీ పెట్టి తాడు లాగును. ఇది మెక్సికో పని, ఇది జపాను పని యని వాడు విడదీసి చూచుకొనునని నేననుకొనను. అట్లు విడదీయుట మన వంటి వ్యాసకర్తల అలవాటు.

కాలము గడచినకొలది మెక్సికో విభాగమే పెద్దదైనది. జపాను రక్తసంబంధము లేని మెక్సికో కుటుంబముల పిల్లలు అనేకులు అందులో చేరిరి. క్రమశిక్షణ, చక్కని బోధన, జపాను కంపెనీలలో ఉద్యోగపు ఆశ వారిని ఆకర్షించినవి. 2005లో ఇరు దేశముల ఆర్థిక భాగస్వామ్య ఒడంబడిక అమలులోనికి వచ్చినది; మోటారు కర్మాగారములు రాజధానికి వాయవ్యమున నున్న రాష్ట్రములకు విస్తరించినవి; కంపెనీల కుటుంబములు కొన్ని అటు తరలెను. ప్రేమతో కూడిన మనుమల కొరకు కట్టిన బడి ఇతరుల పిల్లలతో నిండుట కొందరు పెద్దలకు నొప్పి కలిగింపవచ్చును. రుసుము భారమైన బడి యగుటచే జపాను సంతతివారిలోనే పేదలకు అది అందుబాటులో లేదన్న విమర్శయు సహజము. ఆ విమర్శను నేను తేలికగా త్రోసివేయను. ఎల్ బతాన్‌లో చాపలపై నిద్రించిన వారి మనుమలందరు పెద్రెగాల్ ద్వారము దాటగలిగిరా యను ప్రశ్నకు గౌరవముండవలెను.

మన సంగతికి వత్తును. పోలికలో పెద్ద తేడా యొకటి కలదు. జపానీయులు సముద్రము దాటి వెళ్లినవారు. కృష్ణగిరి, హోసూరు ప్రాంతములలో మనము తరతరములుగా ఉన్నచోటనే ఉన్నాము, గీతలు మాత్రమే మన చుట్టు మారినవి. అందుచేత జపాను ప్రభుత్వము వలె ఉపాధ్యాయులను పంపు దేశము మనకు వెనుక లేదు. మన దేశము ఇదియే. రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు నడుపుకొను హక్కు నిచ్చినది. 1956 నాటి సవరణతో వచ్చిన 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపుమని రాష్ట్రములకు చెప్పినది. తమిళనాట 2006 నాటి చట్టముచే ఒకటవ తరగతి నుండి తమిళము క్రమక్రమముగా తప్పనిసరి యైనది. ఆ తొలి తరగతి పిల్లలు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చునప్పటికి అల్పసంఖ్యాక భాషల వారు న్యాయస్థానములకు పోయి మినహాయింపులు పొందవలసి వచ్చినది. మా పిల్లలు తమిళము నేర్వవలెననుటలో నాకు సందేహము లేదు. నేర్చిరి, బాగుగనే నేర్చిరి. పెద్రెగాల్ బడిలో మెక్సికో చదువును ఎవరును అడ్డంకిగా తలపలేదు. నా కోరిక ఒక్కటే: తమిళము వచ్చినప్పుడు తెలుగు పట్టిక నుండి పోకుండుట, పోయి సాయంకాలమునకు చేరకుండుట.

నా ఆరవ తరగతిలో ఈ యేడు పదునొకండుగురు. వారిలో ముగ్గురి యింట తెలుగు లేదు. ఒక బాలిక తల్లి కన్నడము మాటాడునది. దగ్గరలో బడి యిది యొకటే యని చేర్చినది. మొన్న ఆమె బడి వాకిట నిలిచి, "సారూ, మా పాప ఇంటికొచ్చి నాతో కూడా తెలుగే మాట్లాడుతుంది. నేను ఏమనాలి?" అని అడిగెను. "కన్నడంలోనే జవాబు చెప్పండమ్మా, దాన్ని మాత్రం మానొద్దు" అంటిని. ఆమె నవ్వి వెళ్లిపోయినది. మిగిలిన యెనమండుగురి తల్లులు ఈ ప్రశ్న యెన్నడును అడుగలేదు. వారిలో అయిదుగురు ఇంట పిల్లలతో తెలుగు మానివేసిరని ఆ పిల్లలే నాకు చెప్పిరి.